నడుము నొప్పి: "ఏం బరువు ఎత్తావు?" అన్న ప్రశ్న ఎందుకు చాలదు

నడుము పట్టేసి మంచం మీద నుంచి లేవలేకపోతున్న మనిషిని చూడగానే మనవాళ్లు అడిగే మొదటి మాట "ఏం బరువు ఎత్తావు?" అని. ఎత్తిన బస్తా, వంగి తీసిన బిందె, గుంతలో పడిన మోటారు సైకిల్, ఏదో ఒకటి గుర్తుకు వస్తుంది. కారణం అదేనని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు. పది రోజుల తర్వాత స్కానింగ్ తీయిస్తే "ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బింది" అని, అంటే నడుములోని నాలుగో, అయిదో పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల ఉబ్బిందని కాగితం చేతికొస్తుంది. దాంతో కారణం మారిపోతుంది. పూసలు అరిగాయని ఒకరు, గ్యాప్ వచ్చిందని ఒకరు, కాన్పు ఆపరేషన్ అప్పుడు వెన్నులో వేసిన సూది వల్లేనని మరొకరు చెబుతారు. వీళ్లలో ఎవరూ కావాలని అబద్ధం చెప్పడం లేదు. కానీ ఒక్క కారణాన్ని పట్టుకుని తీరాలన్న ఆ తొందరే గోదావరి డెల్టాలో ఎందరినో అక్కర్లేని ఇంజక్షన్ల దాకా, అక్కర్లేని మంచం దాకా, కొందరు ఆడవాళ్లనయితే అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ దాకా తీసుకెళుతోంది. అందుకే ఈ చిక్కుముడిని నిదానంగా విప్పి చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంచనా. మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో ప్రపంచం మొత్తం మీద మొదటి స్థానం దీనిదే. మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఇంతమందిలో దాదాపు 90 శాతం మందికి ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలు పెట్టి చూపించగల జబ్బు ఏదీ దొరకదు. అంటే నొప్పి ఉత్తిదని కాదు. నడుములోని అయిదు పూసల చుట్టూ కండరాలు, ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు, డిస్కులు, చిన్న కీళ్లు, నరాలు ఇరుకిరుకుగా అల్లుకుని ఉంటాయి. వాటిలో నొస్తున్నది ఏదో కచ్చితంగా తేల్చే పరీక్ష లేదు. చాలాసార్లు ఒకటికి మించి కలిసి నొస్తుంటాయి కూడా.

మిగిలిన పది శాతంలోనే అందరూ భయపడే జబ్బులన్నీ ఉన్నాయి. డిస్కు జారి నరాన్ని ఒత్తడం, పూసల మధ్యగా నరాలు వెళ్లే వెన్ను కాలువ ఇరుకు కావడం, పూస విరగడం, వెన్ను క్షయ, క్యాన్సర్, కీళ్లవాతానికి చెందిన కొన్ని జబ్బులు. వాటి సంగతికి తర్వాత వద్దాం. ముందు ఆ తొంభై శాతం సంగతి.

ఇక్కడ కారణానికీ ముప్పుకూ తేడా తెలియాలి. వరద రాత్రి ఏటిగట్టుకు గండి పడితే నీళ్లు వచ్చింది ఆ రాత్రే. కానీ గట్టు సరిగ్గా అక్కడే ఎందుకు తెగిందని అడిగితే ఎలుక బొరియలు, మట్టి తవ్వుకుపోయిన చోట్లు, ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని కోత బయటపడతాయి. బస్తా ఎత్తిన క్షణం ఆ వరద రాత్రి లాంటిది. దానికి ముందు ఆ నడుము ఎన్ని గంటలు వంగింది, ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉంది, ఇంతకుముందు ఎన్నిసార్లు పట్టేసింది అన్నవి ముప్పులు. వైద్యం కుదరాలన్నా, నొప్పి మళ్లీ రాకుండా చూసుకోవాలన్నా పనికొచ్చేది వీటి గురించి తెలియడమే.

వంగిన నడుము

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు నీటి భరోసా వచ్చింది. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండుతున్నాయి కాబట్టి ఊడ్పులు కూడా ఏడాదికి రెండుసార్లు. ఆకుమడిలో నారు పీకడం దగ్గర నుంచి చేలో నాటడం దాకా పని మొత్తం నడుము వంచే చేయాలి, అదీ ఎక్కువగా ఆడవాళ్లు చేయాలి.

ఆ భంగిమలో శరీరం లోపల జరిగేది తెలుసుకోవలసిన విషయం. మనిషి కొంతవరకు వంగినప్పుడు నడుము కండరాలు బరువును పట్టి ఉంచుతాయి. పూర్తిగా వంగితే అవి దాదాపుగా పని మానేస్తాయి. అప్పుడు భారమంతా పూసలను కట్టి ఉంచే లిగమెంట్ల మీద, డిస్కుల వెనక భాగం మీద పడుతుంది. అలా గంటల తరబడి సాగిన లిగమెంట్లు నిటారుగా నిలబడగానే పూర్వస్థితికి రావు, కొంత సమయం తీసుకుంటాయి. ఆ కాసేపూ నడుముకు పట్టు తక్కువ. నాటు అయిపోగానే గట్టెక్కి నారుకట్టల బుట్టనో, నీళ్ల బిందెనో ఒక్క ఉదుటున ఎత్తితే పట్టేసేది అందుకే. ఎత్తిన బరువు చిన్నదే కావచ్చు. "ఏం ఎత్తావమ్మా?" అని అడిగితే ఆమె చెప్పేది ఆ బిందె సంగతే, అంతకుముందు వంగి ఉన్న నాలుగు గంటల సంగతి ఎవరూ అడగరు.

తెల్లవారుజాము మరో చిక్కు. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పొద్దున్న మనిషి ఎత్తు సాయంత్రం కంటే సెంటీమీటరు పైగా ఎక్కువ ఉంటుంది. ఉబ్బిన డిస్కు మీద వంగడం వల్ల పడే ఒత్తిడి, పగటిపూట వంగినప్పటికంటే ఎక్కువ. లేచిన మొదటి గంటలో వంగడం తగ్గించిన వాళ్లకు దీర్ఘకాలపు నొప్పి తగ్గిందని 1998లో ఒక పరిశోధనలో తేలింది. నక్షత్రాలుండగానే లేచి కళ్లాపి చల్లి, ముగ్గు వేసి, ఆ వెంటనే ఆకుమడికి పోయే ఆడమనిషి రోజు సరిగ్గా ఆ గంటలోనే మొదలవుతుంది.

ఇక బరువుల సంగతి. మన దగ్గర ధాన్యం ధర మాట్లాడుకునేది నేటికీ 75 కిలోల బస్తా లెక్కన. ఒక్క మనిషి మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఎత్తడానికి అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా 23 కిలోలకు మించవద్దన్నది పని చోట భద్రతను పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ లెక్క. మిల్లుల దగ్గర జట్టు కూలీలు ఈ లెక్కలకు ఎంతో పైన బతుకుతున్నారు. అయితే బరువు ఎంత అన్నదే కాక, అది ఒంటికి ఎంత దూరంలో ఉంది, నేల మీద నుంచి ఎత్తుతున్నారా, ఎత్తుతూ మెలి తిరుగుతున్నారా అన్నవీ ముఖ్యమే. వీపు మీదకు ఎత్తించుకుని నిటారుగా నడిచే జట్టు మనిషి కంటే, చెరువులో పడవ మీద నిలబడి మేత బస్తాను వంగి లాగి, పక్కకు తిరిగి తిరిగి మేత చల్లే కుర్రవాడి నడుము ఒక్కోసారి ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. కోనసీమలో కొబ్బరి ఒలిచేవాళ్లదీ అదే పరిస్థితి. వంగడం, బలంగా నొక్కడం, మెలి తిప్పడం, మళ్లీ వంగడం, రోజుకు కొన్ని వందల కాయలు.

బరువు ఎత్తనివాళ్లకు రాదా అంటే, వస్తుంది. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లు నేల మీద కూర్చుని, తల దించి, గంటల తరబడి కదలకుండా పని చేస్తారు. మగ్గం గుంటలో కూర్చునే నేతకారులు, కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగులు కూడా అంతే. కూర్చోవడంలో ఏదో ఒక తప్పు భంగిమ ఉందని, అది సరిచేస్తే చాలని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఏ భంగిమ అయినా మార్చకుండా ఉండటమే ఇబ్బంది. ఆటో, ట్రాక్టర్, లారీ నడిపేవాళ్లకు దీనికి తోడు రోజంతా ఒంటికి తగిలే అదురు ఒకటి.

పొగ తాగడం, అధిక బరువు, వ్యాయామం లేకపోవడం కూడా ముప్పు పెంచుతాయి. డిస్కు లోపల రక్తనాళాలు ఉండవు. పక్కనున్న ఎముక నుంచి ఊరే పోషకాలతోనే అది బతకాలి. పొగ ఆ సరఫరాను దెబ్బ తీస్తుంది. చుట్ట అయినా, బీడీ అయినా తేడా లేదు.

స్కానింగ్ కాగితం చెప్పనిది

డిస్కు అరుగుదలను మనం పనికి అంటగడతాం. ఫిన్లాండ్‌లో కవల సోదరుల వెన్నులను పోల్చి చూస్తే, ఒకరు బరువు పనులు, మరొకరు తేలిక పనులు జీవితమంతా చేసినా డిస్కుల్లో తేడా అనుకున్నంత లేదు. అరుగుదలలో వంశపారంపర్యం వాటా చేసిన పని వాటాకంటే ఎక్కువని తేలింది. అరిగిన డిస్కుకు నొప్పి తప్పనిసరా అన్నది మరో ప్రశ్న. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, నడుము నొప్పి బొత్తిగా లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూశారు. 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల, 30 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. 80 ఏళ్ల వాళ్లలో అవి 96 శాతం, 84 శాతం. వీళ్లంతా నొప్పి లేకుండా తిరుగుతున్న మనుషులు.

కాబట్టి యాభై ఏళ్ల మనిషికి ఎంఆర్ఐ తీస్తే ఏదో ఒకటి కనబడి తీరుతుంది. ఆ కాగితంలో రాసినదీ ఆ మనిషి నొప్పీ ఒకటేనా అన్నది పరీక్ష చేసే డాక్టరు చేతులు, అడిగే ప్రశ్నలు తేల్చాలి. నొప్పి పిరుదు నుంచి మోకాలి కిందకు, పాదం దాకా లాగుతుంటే, తిమ్మిరి ఉంటే, బొటనవేలు పైకెత్తడం కష్టంగా ఉంటే అప్పుడు నరం ఒత్తుకుందన్న మాటకు అర్థం ఉంటుంది. దీన్నే సయాటికా అంటున్నాం. జారిన డిస్కు వల్ల నరాలు ఇలా ఒత్తుకుంటాయని మిక్స్టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ సర్జన్లు 1934లో చూపించారు. అందులో కూడా ఎక్కువ మందికి ఆపరేషన్ లేకుండానే వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. జారిన ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది.

"మీ పూసలు అరిగిపోయాయి" అన్న మాట మనిషిని ఎంత కుంగదీస్తుందో చెప్పేవాళ్లకు తెలియాలి. ఆ మాట విన్న మనిషి వంగడానికి భయపడతాడు, పని మానేస్తాడు, కండరాలు బలహీనపడతాయి, నొప్పి పెరుగుతుంది. ఆ భయం కూడా ఒక ముప్పేనని ఇప్పుడు వైద్యశాస్త్రం ఒప్పుకుంటోంది.

ఆడవాళ్ల నడుము

నాకు అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు సిజేరియన్లు. అందుకే "వెన్నులో సూది వేసినప్పటి నుంచి నడుము నొప్పి" అన్న మాట ప్రతి ఇంటా వినిపిస్తుంది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండటం నిజమే. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఆ సూదే కారణమని మాత్రం పరిశోధనల్లో తేలలేదు. మత్తు సూది లేకుండా కన్నవాళ్లలోనూ నొప్పి ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడే దాదాపు సగం మందికి నడుము నొప్పి వస్తుంది. పొట్ట బరువు ముందుకు లాగుతుంది, హార్మోన్ల ప్రభావంతో కటి కీళ్లు వదులవుతాయి, పొట్ట కండరాలు సాగిపోతాయి. కాన్పు తర్వాత బిడ్డను ఎత్తడం, వంగి పాలివ్వడం, నిద్ర లేకపోవడం తోడవుతాయి. సాగిన పొట్ట కండరాలను మళ్లీ బలపరచే వ్యాయామం నేర్పేవాళ్లు మాత్రం ఉండరు. సూదిని తిట్టుకుంటూ కూర్చుంటే ఆ వ్యాయామం ఎప్పటికీ మొదలుకాదు.

అంతకంటే పెద్ద నష్టం గర్భసంచి దగ్గర జరుగుతోంది. అదే సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గరగా ఉన్నారు. తెల్లబట్ట, నడుము నొప్పి అని వెళితే "పిల్లలు పుట్టారు కదా, ఇక దానితో పనేముంది, తీసేస్తే నొప్పి కూడా పోతుంది" అన్న సలహా మన పల్లెల్లో చాలామంది విన్నదే. గడ్డలు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), గర్భసంచి జారడం వంటి జబ్బుల్లో నడుము లాగడం ఉంటుంది, నిజమే. అవి ఉన్నాయని పరీక్షల్లో తేలాలి. నాట్లకు వంగే ముప్పై అయిదేళ్ల ఆడమనిషి నడుము నొప్పికి గర్భసంచి తీయడం వైద్యం కాదు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆమెకు ముట్లు ఆగిన దశ పదేళ్ల ముందే వస్తుంది, ఎముకలు గుల్లబారడం ముందే మొదలవుతుంది. అంటే నొప్పి పోతుందని చేయించుకున్న ఆపరేషనే కొన్నేళ్లకు పూస విరగడానికి దారి తీయవచ్చు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద దాఖలైన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. ఆ సలహా ఎదురైతే రెండో డాక్టరు అభిప్రాయం అడిగే హక్కు ప్రతి మనిషికీ ఉంది. అడగాలి.

నిద్ర లేని చెరువుగట్టు

నొప్పికి మనసుతో ఉన్న సంబంధం గురించి మాట్లాడితే చాలామందికి కోపం వస్తుంది. "నాకు నిజంగానే నొప్పి, మనసులో కాదు" అంటారు. వాళ్లు చెప్పేది నిజం. నడుము నుంచి వెళ్లే సంకేతాన్ని ఎంత నొప్పిగా తీసుకోవాలో తేల్చేది మెదడే. నిద్ర చాలకపోతే, దిగులు ఉంటే అదే సంకేతం ఎక్కువ నొప్పిగా తెలుస్తుంది. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల సాగు చేసేవాళ్లను తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పెట్టుబడి తేలిపోవచ్చు. ఆ కాపలాలో నిద్ర ఉండదు. వైరస్ వచ్చి చెరువు పోతే అప్పు మిగులుతుంది. కౌలు రైతు పరిస్థితీ అంతే. నొప్పి మూడు నెలలు దాటి మొండికేసినవాళ్లలో ఎంత బరువు మోశారన్న దానికంటే నిద్ర, దిగులు, భయం ఎక్కువ ప్రభావం చూపుతాయి. ఆ నడుముకు ఎన్ని మాత్రలు వేసినా నిద్ర సంగతి చూడకపోతే ప్రయోజనం కొంతే.

వైద్యమే ముప్పు అయినప్పుడు

మంచం మీద విశ్రాంతి తీసుకోమన్నది పాత సలహా. 1986లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో వారం పడుకోమన్నవాళ్లకూ రెండు రోజులు పడుకోమన్నవాళ్లకూ నొప్పి తగ్గడంలో తేడా లేదు. పనికి పోని రోజులు మాత్రం రెండో వర్గంలో 45 శాతం తక్కువ. ఇప్పుడు ఆ రెండు రోజులూ కూడా అక్కర్లేదంటున్నారు. నొప్పి ఓర్చుకోగలిగినంత మేర తిరుగుతూ ఉండటమే మంచిది. నేల మీదో చెక్క మీదో పడుకోమని పెద్దలు చెబుతారు. 2003లో స్పెయిన్‌లో పోల్చి చూస్తే గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. నడుము పట్టీ, కాళ్లకు బరువులు కట్టి లాగడం రెండూ దీర్ఘకాలపు నొప్పికి సిఫారసు చేయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరు మార్గదర్శకాల్లో చెప్పింది.

ఊళ్లో తొందరగా నయం చేసే ఇంజక్షన్ గురించి గట్టిగా చెప్పాలి. నొప్పి మంత్రం వేసినట్టు తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అడగండి. అవి నెలల తరబడి ఒంట్లోకి పోతే ఎముకలు గుల్లబారి, చిన్న జారుపాటుకే పూస కుంగిపోతుంది. డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు నాట్ల సీజన్ పొడవునా మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలినంత తాగని ఒంటికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక ఆగకుండా ఆస్పత్రికి పోవలసిన సందర్భాలు. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం, లేదా మూత్ర విసర్జన, మల విసర్జన మీద పట్టు తప్పడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం, కాళ్లలో సత్తువ తగ్గడం. ఇది ఆ రాత్రికే పెద్దాస్పత్రికి పోవలసిన పరిస్థితి, తెల్లారేదాకా ఆగితే నష్టం శాశ్వతం కావచ్చు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్ను క్షయ, క్యాన్సర్ అనుమానించాలి. పెద్ద వయసు ఆడవాళ్లకు చిన్న జారుపాటుకే, ఒక్కోసారి గట్టిగా దగ్గితేనే హఠాత్తుగా నొప్పి వస్తే పూస విరిగిందేమో చూడాలి. నలభై లోపు కుర్రవాళ్లకు పొద్దున్న లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, కదిలే కొద్దీ తగ్గుతుంటే అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను కీళ్లవాతం కావచ్చు. దీన్ని ఏళ్ల తరబడి మామూలు నడుము నొప్పి అనుకుని వదిలేస్తున్నారు. పెద్దవాళ్లకు కాస్త దూరం నడవగానే కాళ్లు లాగి, వంగినా కూర్చున్నా హాయిగా ఉంటే వెన్ను కాలువ ఇరుకై ఉండవచ్చు. పక్క నుంచి గజ్జల్లోకి తెరలు తెరలుగా వచ్చే నొప్పి మూత్రపిండంలో రాయిది కావచ్చు, నడుముది కాదు.

మళ్లీ రాకుండా

నడుము నొప్పికి అన్నిటికంటే పెద్ద ముప్పు ఇదివరకు ఒకసారి నడుము నొప్పి రావడమే. తగ్గిన తర్వాత ఏడాదిలోపే మళ్లీ వచ్చేవాళ్లు ఎందరో. నొప్పి తగ్గిన 701 మందితో ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2024లో వెలువడింది. క్రమంగా నడక పెంచుకుంటూ వారానికి మూడు నుంచి అయిదు సార్లు, అరగంట చొప్పున నడిచేలా చూసినవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, నడవని వర్గంలో 112 రోజులే. ఖర్చు లేని మందు ఇది. కాలువగట్లున్న ఊళ్లలో చోటుకూ కొదవ లేదు.

"రోజంతా పొలంలో నడుస్తూనే ఉన్నాం, మళ్లీ నడకేమిటి?" అని కూలికి పోయేవాళ్లు అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. బురదలో వంగి వెనక్కి జరగడం నడక కాదు. అది నడుముకు చాకిరీయే తప్ప వ్యాయామం కాదు. పైగా చాలా చోట్ల ఊడ్పులు ఎకరానికి ఇంత అని గుత్తకు ఇస్తున్నారు. గుత్త పనిలో నడుము ఎత్తితే కూలి తగ్గుతుంది. తొందరగా ముగించి మరో చేను పట్టుకోవాలి కాబట్టి ఎవరూ నిటారుగా నిలబడరు. అంటే ఆ ముప్పు మనిషి అలవాట్లలో లేదు, బేరంలో ఉంది. గంటకు ఒకసారి మడిలో నుంచి లేచి గట్టు మీద అయిదు నిమిషాలు నిలబడటం, వెంటనే బరువు ఎత్తకుండా చూడటం, నారుకట్టలు మోయడానికి వేరే మనుషులను పెట్టడం, ఇవన్నీ రైతూ మేస్త్రీ గుత్త మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవలసినవి. వెదజల్లు పద్ధతి, నాటు యంత్రం వచ్చిన చేలలో ఆ వంపు తప్పుతోంది. అవి రాని చేలలో ఆ అయిదు నిమిషాలకు కూడా కూలి కట్టి ఇవ్వాలి.